కాలేజీకి నడిచే వెళ్తానన్నావట

బంగారూ,

లండన్‌లో కింగ్స్ క్రాస్ దగ్గర రూము దొరికిందని, నీ కాలేజీ యూసీఎల్‌కి రోజూ నడిచే వెళ్తానన్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. 2011లో నేనూ ఏడాదంతా అలాగే నడిచాను, ఇరవై నిమిషాల దారి. ఒక్కటి మాత్రం విను: పొద్దున వెళ్ళే దారి వేరు, రాత్రి వచ్చే దారి వేరు పెట్టుకో.

పొద్దున యూస్టన్ రోడ్ వద్దు. ఆ పొగ పీలుస్తుంటే మన బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నిలబడ్డట్టే ఉంటుంది. జడ్ స్ట్రీట్‌లోకి తిరిగి టావిస్టాక్ ప్లేస్ మీదుగా వెళ్ళు. టావిస్టాక్ స్క్వేర్ పార్కులో బాసింపట్టు వేసుకుని కూర్చున్న గాంధీగారి విగ్రహం ఉంది, 1968లో పెట్టారు, కింద పీఠంలో పూలు పెట్టడానికి గూడు లాంటిది కూడా వదిలారు. ఆయనా ఆ ఊళ్ళో చదువుకునేటప్పుడు బండి ఖర్చు మిగుల్చుకోవడానికి మైళ్ళకు మైళ్ళు నడిచినవాడే. ఇంటి మీద బెంగ పుట్టిన రోజు అక్కడి బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని వెళ్ళేదాన్ని.

రాత్రి మాత్రం ఆ పార్కుల వైపు రావద్దు తల్లీ, లైట్లూ మనుషులూ ఉండే యూస్టన్ రోడ్డే పట్టుకో. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, సోమవారం క్లాసు అయ్యి బయటికొస్తే చీకటి, డిసెంబరులో అయితే నాలుగు కాకముందే. మ్యాప్ చూడాలంటే గోడ వైపు జరిగి, ఆగి, చూసి, ఫోన్ లోపలి జేబులో పెట్టేసి అప్పుడు కదులు. ఇప్పుడు సైకిళ్ళ మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోతున్నారు.

రోడ్డు దాటేటప్పుడు ఇక్కడిలా చెయ్యి చాపుతూ మధ్యలోకి దూరకు. పసుపు గ్లోబు దీపాలున్న జీబ్రా దగ్గర కార్లు ఆగుతాయి, ఆగాయని చూసుకుని దాటు. సైకిళ్ళ లేన్ వైపు కూడా చూడు, వాటికి చప్పుడుండదు.

బూట్లు ఇక్కడే కొనుక్కో. నేను కొత్త బూట్లతో మొదటి రోజే నడిచి, రెండు మడమలూ బొబ్బలెక్కి వారమంతా కుంటాను. ఈ ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచీతో మల్లేశ్వరం వచ్చెయ్, ఆ బూట్లేసుకునే. పద్దెనిమిదో క్రాస్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ దాకా ఇద్దరం నడుద్దాం, టిఫిన్ తిరిగొచ్చాక.

అత్త