నాన్నగారు నల్లోణ్ణి వదిలి రానంటున్నారు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర, ఏటిగట్టు పక్కన ఊరు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. నాన్నగారికి 68 ఏళ్ళు, ఒక్కరే ఉంటున్నారు. మొన్నటి వరదల్లో ఎక్కడినుంచో ఒక నల్ల కుక్క వచ్చి మా అరుగెక్కింది. ఎవరొచ్చినా తోకాడిస్తుంది, ఇంతవరకు ఎవరినీ కరవలేదు. అమ్మ పోయాక క్యారేజీ తెప్పించుకుని తినేవారు, ఇప్పుడు దానికోసమని రెండు పూటలా ఆయనే వండుతున్నారు. మోకాళ్ళు అరిగిపోయాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించి మూడు నెలలు మా దగ్గర ఉంచుకుంటామంటే, ‘నల్లోణ్ణి ఎవరు చూస్తారు’ అని కదలడం లేదు. మాది మూడో అంతస్తు ఫ్లాటు. ఈసారి వచ్చినప్పుడు దాన్ని ఆటోలో చించినాడ వంతెన దాటించి వదిలేస్తానంటున్నాడు అన్నయ్య. వీధి చివర ఉండే పిన్ని మనవడేమో తనే పెంచుకుంటానని గోల. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యను ఆపండి. తిండీ నీళ్ళూ దొరక్క అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కొత్త ఊళ్ళో అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. వీటన్నిటికంటే నాకు భయం, నాన్నగారు తెల్లారి లేచి గట్టంతా దాన్ని పిలుస్తూ తిరగడం. అరిగిన మోకాళ్ళతో. ఆ తర్వాత మీరు ఏ ఆసుపత్రికి రమ్మన్నా ఆయన నమ్మరు.

మీరు మాటవరసకు రాసిన వాక్యం ఒకటుంది: ఆయన మళ్ళీ పొయ్యి వెలిగిస్తున్నారు. అమ్మ వెళ్ళాక తన ఒక్కడి కోసం వండుకోబుద్ధి కాని మనిషి, ఇంకో నోరు ఎదురు చూస్తోందని ఎసరు పెడుతున్నారు. దాన్ని మొండితనం అనకండి. నల్లోడి పేరు చెప్పి ఆయన ఆ ఇంటినీ, అమ్మ కూర్చున్న అరుగునూ వదలలేకపోతున్నారు.

అయినా ఆపరేషన్ కావాల్సిందే. పైగా కొత్త మోకాలితో కర్ర పట్టుకుని నడిచేవాళ్ళ మీదకు హుషారు కుక్క ఎగిరితే ప్రమాదం. గట్టు మీద తిరిగినదాన్ని మూడో అంతస్తుకి తేవడమూ నాకు నచ్చదు. కాబట్టి పిన్నిగారిల్లే సరైన చోటు, ఎప్పటికీ. ‘మూడు నెలలకే’ అని ఆయన్ని మభ్యపెట్టకండి. నల్లోడి ఇల్లు మారుతుంది, వీధి మారదు, సాయంత్రాలు మీ దగ్గరికి వస్తూనే ఉంటాడు అని ఉన్నదున్నట్టు చెప్పండి. ముందు పిన్నిగారిని విడిగా అడగండి. పిల్లాడి సరదా చాలదు, ఇంటి పెద్దావిడ ఒప్పుకోవాలి.

అప్పగించేది మాత్రం నాన్నగారే కావాలి. దగ్గర్లోని పశువైద్యశాలకు ఆయనే తీసుకెళ్ళి రేబిస్ టీకా వేయించాలి, నట్టల మందు పట్టించాలి. టీకా ఏటా వేయించాలని పిన్నిగారికి గుర్తు చేయాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతీ అక్కడే అడగండి. అది పడుకునే గోనెసంచి, తినే సత్తు గిన్నె దానితోపాటే వెళ్ళాలి. పదిహేను రోజులు రోజూ అదే వేళకు నాన్నగారే పిన్నిగారింట్లో అన్నం పెట్టాలి. అది మళ్ళీ మీ అరుగు మీదకే వచ్చేస్తుంది, వస్తే తిట్టకుండా వెంటబెట్టుకుని వెళ్ళాలి. గొలుసేసి కట్టేస్తే మంచి కుక్క కూడా కరిచేది అవుతుంది. మన ఇళ్ళలో మిగిలిన చేపల పులుసన్నం కుక్కకి పెట్టేస్తాం. అందులో ఉల్లిపాయ దానికి విషం, ముల్లు గొంతులో దిగుతుంది. ఉత్తన్నంలో పెరుగో ఉడికిన గుడ్డో చాలు.

పిల్లాడికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఆటలో గీరుకున్నా, పన్ను తగిలినా దాచకూడదు. సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, అందుకే ఇంత చెబుతున్నాను.

ఆపరేషన్ తేదీని నల్లోడు అక్కడ కుదురుకున్నాకే పెట్టించండి. నెల ఆలస్యమైనా పర్వాలేదని డాక్టరు అంటే ఆ నెల ఆయనకివ్వండి. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ పిల్లాడి చేత సాయంత్రం వీడియో కాల్ చేయించండి.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు మోకాళ్ళ మాట ఎత్తకండి. ‘నల్లోడికి ఏం వండారు నాన్నా’ అని అడగండి. పిన్నిగారి మాట రేపు.