టెక్ సందేహాలు: వాచీలోనే బీపీ కనిపిస్తుంటే 24 గంటల పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి బీపీ ఉంది. డాక్టర్ 24 గంటల బీపీ పరీక్ష చేయించమన్నారు. నా గెలాక్సీ వాచ్‌లో బీపీ చూపిస్తుంది కదా, అదే ఒక రోజు ఆయన చేతికి పెడితే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. మీ వాచీ బీపీని నేరుగా కొలవదు. చర్మం మీద వెలుగు వేసి, నాడి కొట్టుకునే తీరు చూసి అంచనా కడుతుంది, ఆ అంచనా గాడి తప్పకుండా 28 రోజులకోసారి మామూలు బీపీ మిషన్‌తో సరిచూడమని అదే అడుగుతుంది. మీ బీపీతో సరిచూసిన వాచీని నాన్నగారికి పెడితే మీ లెక్కతో ఆయన బీపీ చెబుతుంది, అంతకంటే కొలవకపోవడమే నయం. పైగా కుదురుగా కూర్చుని బటన్ నొక్కితేనే చూస్తుంది, నిద్రలో ఎవరు నొక్కుతారు?

అసలు డాక్టర్‌కి కావాల్సింది ఆ నిద్రలో బీపీయే. మామూలుగా రాత్రి 10 నుంచి 20 శాతం దాకా తగ్గాలి. కొందరికి తగ్గదు, కొందరికి పెరుగుతుంది కూడా, గుండెకీ మెదడుకీ ముప్పు అక్కడే ఎక్కువ. ఇంకొందరికి డాక్టర్‌ని చూడగానే టెన్షన్‌తో పెరిగి, బయటికొస్తే మామూలైపోతుంది, దీనికి రివర్స్‌లో ఉండేవాళ్లూ ఉన్నారు. ఏబీపీఎం అనే ఈ పరీక్షలో జబ్బకి కఫ్ కట్టి, నడుముకి చిన్న మిషన్ తగిలిస్తారు. పగలు 15–30 నిమిషాలకోసారి, రాత్రి అరగంటకో గంటకో దానంతటదే గాలి నింపుకుని కొలుస్తుంది. రాత్రి కాస్త నిద్ర చెడుతుంది, అది మాత్రం భరించాల్సిందే.

కఫ్ బిగుస్తున్నప్పుడు నడక ఆపి, చెయ్యి కదపకుండా వదులుగా ఉంచమనండి. కదిపితే ఆ రీడింగ్ పోతుంది, కనీసం 70 శాతం రీడింగులు సరిగ్గా రాకపోతే పరీక్ష మళ్లీ చేయాల్సి రావచ్చు. స్నానం ముందే కానిచ్చేయాలి. పడుకున్న టైము, లేచిన టైము, మాత్ర వేసుకున్న టైము కాగితం మీద రాయించండి, లేకపోతే పగలు సగటు, రాత్రి సగటు లెక్క తప్పొచ్చు.

రిపోర్టులో ఎక్కడో ఒక్క పెద్ద అంకె చూసి కంగారుపడకండి, సగటు చూడాలి. యూరప్ మార్గదర్శకాల్లో 24 గంటల సగటు 130/80, పగలు 135/85, రాత్రి 120/70, వీటిని చేరినా దాటినా ఎక్కువ కిందే లెక్క. ఆసుపత్రిలో చూసే 140/90తో వీటిని పోల్చకూడదు. నాన్నగారు ఇప్పటికే మాత్రలు వాడుతుంటే పరీక్ష రోజు మానాలా వద్దా అన్నది డాక్టర్‌నే అడగండి, సొంతంగా మాన్పించకండి.