వాషింగ్టన్ మార్చ్ వెనక ఉన్న యూనియన్ మనిషి

అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యోగాల కోసం, హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ మార్చ్ అనగానే అందరూ మార్టిన్ లూథర్ కింగ్ పేరే చెప్తారు, అందులో కార్మిక సంఘాల పాత్ర ఏమైనా ఉందా అని అడిగారు. ఉండటమేంటండీ, ఆ మార్చ్‌కి డైరెక్టరే ఒక యూనియన్ నాయకుడు, ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. అప్పటికి ఆయనకి 74 ఏళ్ళు.

నాకూ ఆ పేరు తెలియదు. బోస్టన్‌లో చదువుకునేటప్పుడు న్యూయార్క్ రైలు కోసం బ్యాక్ బే స్టేషన్‌కి వెళ్ళేవాణ్ణి, అక్కడ కూర్చుని ఉన్న ఒక నల్లజాతి పెద్దమనిషి కంచు విగ్రహం ఉంటుంది, అది ఈ రాండాల్ఫ్‌దే. స్టేషన్‌లో ఈయనకేం పని అని, ఓసారి రైలు లేటయితే ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను.

అమెరికా రైళ్ళలో పుల్‌మన్ అనే కంపెనీ నడిపిన స్లీపర్ బోగీల్లో పక్కలు వేసి, బూట్లు పాలిష్ చేసి, సామాన్లు మోసే పోర్టర్లు దాదాపు అందరూ నల్లవాళ్ళే. నెలకి 400 గంటల దాకా పని, టిప్పుల మీదే బతుకు. కంపెనీ పెట్టినాయన జార్జ్ పుల్‌మన్ కాబట్టి ప్రయాణికులు ప్రతి పోర్టర్‌నీ ‘జార్జ్’ అనే పిలిచేవాళ్ళు, అసలు పేరు ఎవడికి కావాలి! 1925లో యూనియన్ పెట్టుకున్నప్పుడు వీళ్ళు రాండాల్ఫ్‌ని ముందుండమన్నారు. ఆయన పోర్టర్ కాదు, పత్రిక నడిపే మనిషి. ఉద్యోగంలోంచి తీసేద్దామన్నా ఆయనకి అక్కడ ఉద్యోగమే లేదు. మా నాన్న పనిచేసిన మిల్లులో యూనియన్ అన్న ఇద్దరినీ మర్నాడు గేటు దగ్గరే ఆపేశారట, అందుకే ఈ ఎత్తు నాకు చప్పున అర్థమైంది. అయినా కంపెనీతో ఒప్పందం కుదరడానికి 12 ఏళ్ళు పట్టింది, 1937లో నెల పని 240 గంటలకి దిగింది.

1941లో యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలు నల్లవాళ్ళని పనిలోకి తీసుకోకపోతే, లక్ష మందితో వాషింగ్టన్‌కి వస్తామన్నాడు రాండాల్ఫ్. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జూన్ 25న ఆ వివక్షని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాక గానీ ఆ మార్చ్ ఆపలేదు. 1963లో జరిగింది అప్పుడు వాయిదాపడ్డ మార్చే అని నా లెక్క.

ఇంకోటి. 1955లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో, బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ని అరెస్ట్ చేస్తే బెయిల్ మీద విడిపించిన ఇ. డి. నిక్సన్ కూడా పుల్‌మన్ పోర్టరే, అక్కడి యూనియన్ శాఖకి అధ్యక్షుడు. జీతమిచ్చేది ఊళ్ళో తెల్లవాళ్ళు కాదు కాబట్టి ఆయనకి ఆ ధైర్యం. బస్సుల బహిష్కరణకి రమ్మని కింగ్‌కి ఫోన్ చేసిందీ ఆయనే. తీరా కింగ్ చర్చిలో మొదటి మీటింగ్ పెట్టిన రోజున నిక్సన్ రాలేకపోయాడు, రైల్లో డ్యూటీ పడింది.