టెక్ సందేహాలు: వెర్నియర్ 47.00 అంటోంది, బేరింగేమో వదులు!

ప్రశ్న: అనంతపురంలో మాకు చిన్న లేత్ షాపు ఉంది సార్. మోటారు ఎండ్ కవర్‌లో 6204 బేరింగ్‌కి (బయటి వ్యాసం 47 మి.మీ.) బోర్ చేశాను. డిజిటల్ వెర్నియర్‌లో 47.00 వచ్చింది. తీరా వేస్తే బేరింగ్ బయటి రింగు కవర్‌లో తిరిగిపోతోంది. వెర్నియర్ పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. ఇంత సన్నని లెక్క దానికి అందదు, అంతే. తెర మీద రెండు దశాంశాలు కనిపిస్తే నమ్మేస్తాం గానీ, మంచి వెర్నియర్‌కే ±0.02 మి.మీ. తేడా మామూలు. హెచ్7 ఫిట్ (హోల్ కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గ్రేడు) అనుకుంటే మీకున్న వెసులుబాటు మొత్తం 47.000 నుంచి 47.025 వరకే. పైగా దవడలు హోల్ మధ్యగీత నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు కూర్చున్నా కొలత 0.04 తక్కువ చూపిస్తుంది. అంటే మీరు 47.00 అనుకున్న బోర్ నిజానికి 47.04 కావచ్చు. ఇక బేరింగ్ తిరగక ఏం చేస్తుంది?

టెలిస్కోపిక్ గేజ్, ఔట్‌సైడ్ మైక్రోమీటర్ జోడీకి మారండి. గేజ్‌కున్న ప్లంజర్లు (స్ప్రింగు కొనలు) హోల్‌లో విచ్చుకుంటాయి, వాటిని బిగించి బయటికి తీసి మైక్రోమీటర్‌తో కొలుస్తాం. ఇంకో మాట, కవర్ అల్యూమినియమైతే లేత్ నుంచి దించీ దించగానే కొలవొద్దు. మైక్రోమీటర్ కన్నా అది 25 డిగ్రీలు వేడిగా ఉంటే బోర్ 0.027 దాకా పెద్దగా కనిపిస్తుంది. చల్లారాక బేరింగ్ టైటు!

ప్రశ్న: టెలిస్కోపిక్ గేజ్ కొన్నాను. ఒకే హోల్‌కి ప్రతిసారీ ఒక్కో రీడింగ్ వస్తోంది. (కడప నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చాలామంది గేజ్‌ని లోపల నిటారుగా పెట్టి, స్క్రూ గట్టిగా బిగించి లాగేస్తారు. తేడా అక్కడే వస్తుంది. హ్యాండిల్‌ని కాస్త వాల్చి లోపల పెట్టండి. ప్లంజర్లు విచ్చుకున్నాక, నొక్కితే మెల్లగా జారేంత బిగువు ఉండేలా స్క్రూ తిప్పండి. ఇప్పుడు పక్కలకు కొద్దిగా కదిలిస్తూ, హ్యాండిల్‌ని నిలువు మీదుగా అవతలికి ఒక్కసారే దాటించండి. దాటేటప్పుడు హోల్ గోడలే ప్లంజర్లను అసలు వ్యాసానికి నొక్కేస్తాయి. మళ్లీ వెనక్కి ఊపకుండా బయటికి తీయండి. తర్వాత గేజ్‌ని కొలిచేటప్పుడు మైక్రోమీటర్ కూడా తగిలీ తగలనట్టే ఉండాలి. బిగిస్తే ప్లంజర్ లోపలికి జారిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. వరసగా మూడుసార్లు 0.01 తేడాలో వస్తేనే ఆ అంకె రాసుకోండి. మూతి దగ్గరా అడుగునా, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి చూడండి.

ప్రశ్న: డయల్ బోర్ గేజ్ (హోల్ వ్యాసంలో తేడాని ముల్లుతో చూపించే పనిముట్టు) కొంటే ఈ తంటాలన్నీ పోతాయా? (కర్నూలు నుంచి)

జవాబు: రోజూ బేరింగ్ హౌసింగ్ పని ఉంటే 35–60 మి.మీ. రేంజిది కొనండి, వేగం బాగా పెరుగుతుంది. మైక్రోమీటర్‌ని 47.00 దగ్గర లాక్ చేసి దాని మధ్య గేజ్ ఊపి డయల్ సున్నా చేసుకోవాలి. హోల్‌లోనూ అలాగే ఊపి, ముల్లు ఎక్కడ వెనక్కి తిరుగుతుందో ఆ అంకె చదవాలి. కానీ పలచని బుష్‌ని మూడు దవడల చక్‌లో గట్టిగా పట్టి బోర్ చేశారంటే, చక్ వదలగానే హోల్ మూడు మూలలుగా మారుతుంది. బోర్ గేజ్ కొలిచేది రెండు పాయింట్లే కాబట్టి ఎటు తిప్పినా ఇంచుమించు ఒకే కొలత చూపిస్తుంది, షాఫ్ట్ మాత్రం దూరదు. దాన్ని పట్టుకోవాలంటే మూడు పాయింట్ల ఇన్‌సైడ్ మైక్రోమీటరైనా ఉండాలి, ప్లగ్ గేజైనా (హోల్‌లో దూర్చి చూసే కచ్చితమైన కొలత గల గుండ్రటి కడ్డీ) ఉండాలి.