సబ్సిడీ కోసమే మా అబ్బాయిని తీసుకుంటున్నారా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేశాడు. ఒక ఫ్యాక్టరీవాళ్లు నెలకు 12,000 రూపాయల స్టైపెండుతో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా రమ్మంటున్నారు. అందులో కొంత ప్రభుత్వమే ఇస్తుందట. ఆ డబ్బుకు ఆశపడి తీసుకొని, చాకిరీ చేయించుకొని పంపించేస్తారేమోనని అనుమానం. చేర్చమంటారా?

జవాబు: మీ అనుమానం సబ్సిడీ మీద అక్కర్లేదండీ. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం భరించేది స్టైపెండులో 25 శాతం, అదీ నెలకు 1,500 రూపాయలు మించకుండా. 12,000లో పాతిక శాతమంటే 3,000. కాని వచ్చేది 1,500 మాత్రమే. మిగతా 10,500 యజమాని జేబులోంచే పోవాలి. పైగా ఆ 1,500 కూడా ఇప్పుడు నేరుగా మీ అబ్బాయి ఖాతాలోనే పడుతుంది. ఇందులో తినేయడానికి పెద్దగా ఏముంది? 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. పిలుపు వెనక అసలు కారణం చాలాసార్లు అదే.

చాకిరీ భయం మాత్రం నిజమైనదే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దృష్టిలో మీవాడు శిక్షణార్థి, కార్మికుడు కాడు. ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత సంస్థకు లేదు. నోటిమాటగా "తర్వాత చూద్దాంలే" అంటే దానికి విలువ కట్టకండి.

కాబట్టి చేర్చే ముందు ఒకసారి వెళ్లి, పని నేర్పేది ఎవరో పేరుతో సహా అడగండి. ప్యానెల్ బోర్డులు విప్పి బిగించే మెయింటెనెన్స్ విభాగంలో వేస్తారా, లేక ప్యాకింగ్‌లో నిలబెడతారా? నిరుడు చేసి వెళ్లిన కుర్రాళ్లను కలిస్తే నిజం ఇంకా తొందరగా బయటపడుతుంది. ప్యాకింగ్ అని తేలితే, స్టైపెండు ఎంతైనా సరే, నేనైతే వద్దంటాను.

రైల్వే నియామకాల్లో అప్రెంటిస్‌లకు 20 శాతం కోటా ఉందని ఎవరో ఒకరు చెబుతారు. అది రైల్వే సంస్థల్లో శిక్షణ పొందినవారికి, లెవెల్-1, అంటే అన్నిటికన్నా కింది స్థాయి పోస్టుల్లో. దాన్ని నమ్ముకొని ప్రైవేటు ఫ్యాక్టరీలో చేర్చకండి.

ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో చూసుకోండి. అది లేకుండా చివర్లో జాతీయ సర్టిఫికెట్ పరీక్షకు దారి ఉండదు. ప్రభుత్వ వాటా నేరుగా పడాలి కాబట్టి, అబ్బాయి బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం ఈ వారమే చేయించండి.