పాట వినిపిస్తే గుండె దడ... విశ్వాసం తగ్గినందుకేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అమ్మానాన్న మిషనరీలు. నా చిన్నతనమంతా మూడు దేశాల్లో గడిచింది. ఏడేళ్లకే హాస్టల్‌లో చేర్పించారు. ఇంటి మీద బెంగతో ఏడిస్తే ‘దేవుడి పనికి అడ్డొస్తున్నావ్’ అంటూ వార్డెన్ కొట్టేవారు. ఇప్పటికీ అక్కడ పాడించిన పాట వినిపిస్తే చేతులు చల్లబడి, గుండె దడదడలాడుతుంది. నిద్ర పట్టదు. ఏ ఊరూ నాది అనిపించదు. నా విశ్వాసం తగ్గడం వల్లే ఇలా అవుతోందా?

జవాబు: కాదండీ. ఏడేళ్ల వయసులో అమ్మ కావాలని ఏడవడం తప్పెలా అవుతుంది? మిమ్మల్ని కొట్టింది దేవుడి పేరు చెప్పి. అలాంటప్పుడు ఎవరికి చెప్పుకోవాలన్నా పిల్లలకు భయమే. అందుకే ఈ గాయం ఇంత లోతుగా దిగుతుంది.

ఆ పాటా, ఆ దెబ్బా మీ మెదడులో ముడిపడిపోయాయి. పాట చెవిన పడగానే, మీరు ఆలోచించేలోపే, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. దానికీ మీ భక్తికీ సంబంధం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో ‘కాంప్లెక్స్ పీటీఎస్‌డీ’ అనే సమస్య ఉంది, అంటే భయానక అనుభవాలు మిగిల్చే లోతైన మానసిక గాయం. ఏళ్ల తరబడి, తప్పించుకునే దారి లేని చోట హింస పడ్డవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మీకున్నది అదేనా అన్నది సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. దడ, నిద్రలేమి ఉన్నాయి కాబట్టి ఒకసారి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి.

ఇలాంటి గాయాలకు ట్రామా ఫోకస్డ్ సీబీటీ (గాయం చుట్టూ అల్లుకున్న ఆలోచనలను మాటల ద్వారా మార్చే చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల తీవ్రత తగ్గించే చికిత్స) థెరపీలు బాగా పనిచేస్తాయి. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు ఇస్తారు. నిద్రమాత్రలు సొంతంగా వాడొద్దు. ‘అలవాటైతే పోతుంది’ అని ఆ పాటను పదేపదే వినొద్దు, ఆ పని థెరపిస్టు దగ్గరే మొదలవ్వాలి. దడ వచ్చినప్పుడు పాదాలు నేలకు గట్టిగా ఆనించి, శ్వాస నెమ్మదిగా వదులుతూ, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి.

ఏ ఊరూ నాది కాదనే బాధ వేరు. మీలా దేశాలు మారుతూ పెరిగినవారిని ‘థర్డ్ కల్చర్ కిడ్స్’ అంటారు. 1950ల్లో సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్ పెట్టిన పేరిది. ఇల్లు మారిన ప్రతిసారీ స్నేహితులు, భాష, ఆడుకున్న చెట్టు దూరమయ్యాయి. ఏడవడానికి మాత్రం ఎవరూ వీలివ్వలేదు. ఒక్కో ఇంటి గురించి ఓ పేజీ రాయండి, తలుపు రంగుతో సహా. ఏడుపొస్తే ఆపుకోవద్దు.

క్షమించమని ఎవరైనా తొందరపెడితే, ఇప్పుడు కాదని చెప్పండి. గుడికో చర్చికో వెళ్లాలా, మానాలా అన్నదీ ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.