బోరు నీటి పరీక్షకు మోటారు వేయగానే వచ్చే నీళ్లు పట్టకండి

ప్రశ్న: మాది రణస్థలం మండలం. రబీ మొక్కజొన్న వేసి 25 రోజులైంది. ఆకుల మీద తెల్ల చారలు వస్తున్నాయి. వానాకాలమంతా ఆపేసిన బోరును ఈ పంటకే మళ్లీ తిప్పాం. మోటారు వేయగానే వచ్చిన నీళ్లు పరీక్షకిస్తే ఇనుము ఎక్కువుందన్నారు. దగ్గర్లో ఫ్యాక్టరీలున్నాయి, వాటి రసాయనాలు దిగాయేమోనని టెన్షన్‌గా ఉంది. డీలరు బోరులో పోయమని యాసిడ్ ఇచ్చారు. అసలు తోడకుండానే శాంపిల్ తీయొచ్చని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ యాసిడ్ డబ్బా తిరిగిచ్చేయండి. రోగమేమిటో తేలకుండానే మందు అమ్మేవాళ్ల మాట విని బోరు పాడుచేసుకోవద్దు.

మీరు పంపిన ఫొటోలు చూశాను. లేత ఆకుల మొదట్లో, నడిమి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలున్నాయి. ఇది జింకు లోపం. ఫ్యాక్టరీకీ దీనికీ సంబంధం లేదు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. అందులో పురుగుమందు కలపొద్దు. తర్వాతి పంటకు దుక్కిలో ఎకరాకు 20 కిలోలు వేయండి, డీఏపీతో మాత్రం కలిపి చల్లొద్దు.

ఇక ఆ రిపోర్టు పక్కన పడేయండి. మీరు పరీక్ష చేయించింది నెలల తరబడి గొట్టంలో నిలవున్న నీరు. ఇనుప కేసింగ్, పైపుల తుప్పు అందులో దిగుతుంది. మరోవైపు గాలిలో కలిసిపోయే రసాయనాలుంటే అవి ఎగిరిపోతాయి. అంటే లేని దోషం కనిపిస్తుంది, ఉన్నది దాక్కుంటుంది.

నిలవ నీరు పోయాకే పట్టాలి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్లుంటాయి. 150 అడుగుల బోరులో నీటిమట్టం 40 అడుగుల దగ్గరుంటే దాదాపు 715 లీటర్లు. దానికి మూడింతలు, అంటే 2,145 లీటర్లు బయటికి పోవాలి. 20 లీటర్ల బకెట్ 10 సెకన్లలో నిండితే 18 నిమిషాలు చాలు. మీ బోరు కొలతలతో ఇదే లెక్క వేసుకోండి. నీటిలో ఉప్పుల మోతాదు చూపే ఈసీ మీటరు దొరికితే 5 నిమిషాలకోసారి చూడండి, వరుసగా మూడు రీడింగుల మధ్య తేడా 3 శాతం దాటకపోతే అప్పుడు పట్టండి. రోజూ తోడే నేలబావికి ఇంత తతంగం అక్కర్లేదు.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, మీ బోరుకు పనికిరాదంతే. కాలుష్యం గమనించడానికే వేసిన సన్నటి బావుల్లో నీళ్లొచ్చే లోతుకు జల్లెడ గొట్టం ఉంటుంది. భూగర్భ నీరు దాని గుండా తనంతట తానే కదులుతుంటుంది. ఆ లోతుకు ప్రత్యేకమైన సంచి దించి తీస్తారు. కొన్ని రకాల సంచులు రెండు వారాలపాటు అక్కడే ఉంచాలి, అవీ కొన్ని ద్రావకాలకే (ఫ్యాక్టరీల్లో వాడే, గాలిలో ఎగిరిపోయే రసాయనాలకే), ఉప్పులకూ లోహాలకూ కాదు. మన వైపు రాతి బోర్లలో పైనే కేసింగ్, కింద పగుళ్లలోంచి రకరకాల లోతుల్లో నీరొస్తుంది. పైగా మోటారు అడ్డం.

సాగునీటి పరీక్షకు లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా నింపి 24 గంటల్లో ఇవ్వండి. అందులో ఉప్పు, పీహెచ్, సోడియం తేలతాయి గానీ ఫ్యాక్టరీ రసాయనాలు తేలవు. ఆ అనుమానం తీరకపోతే కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాసి వాళ్ల చేతే తీయించండి. ద్రావకాలకు గాజు సీసా, ఐసు కావాలి. లోహాలకు ల్యాబ్ వాళ్లు యాసిడ్ వేసిచ్చే వేరే సీసా కావాలి, దాన్ని కడగొద్దు. ప్రతి సీసా మీదా తేదీ, బోరు లోతు, మోటారు ఎన్ని నిమిషాలు తిప్పారో రాయండి.